ఐదంగల దూరం

మా పాత ఇంటి ఓనరుగారు పోయారు. గురువారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేసి "నాయిన పోయిండు అక్కా" అన్నాడు. ఆఫీసుకు సెలవు చెప్పి ఇంటి దగ్గరే ఆటో ఎక్కాను. యూసుఫ్‌గూడ దాటేదాకా ఆయన అంగలు వేసుకుంటూ వాకిలి కొలిచే తీరే కళ్ళ ముందు కదిలింది.

తెనాలి నుంచి కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, అమీర్‌పేటలో గది వెతుక్కుంటున్న రోజులవి. ఏ గదిలో చూసినా ఆరు మంచాలు, మంచాల కింద పెట్టెలు. ఈయన మేడమీది గదిలో మాత్రం రెండే మంచాలు. మూడోది పట్టదా అని అడిగితే, "మంచమైతె వడ్తది. మనిషికి గాలాడది" అన్నారు.

ఆయనకు ఒకప్పుడు ఊరి బయట ద్రాక్షతోట ఉండేదట. తోట ప్లాట్లయిపోయాక మిగిలింది, అక్కడి కొమ్మ తెచ్చి ఈ ఇంటి గోడ పక్కన నాటిన ఒక్క తీగ. వాకిలంతా దాని పందిరే. తీగ మొదలు నుంచి ప్రహరీ దాకా ఐదు అంగలు. ఆ నేలలో బంతి మొక్క కూడా పెట్టనిచ్చేవారు కాదు. "నేల చూసి నాటొద్దు బిడ్డా, పందిరి చూసి నాటాలె" అనేవారు. మధ్యాహ్నం పూట భుజం మీది తెల్ల తువ్వాలు తీసి పందిరి కింద పరిచేవారు. దాని మీద రూపాయి బిళ్ళలంత ఎండ అక్కడక్కడా పడితే సరే, లేకపోతే కత్తెర అందుకునేవారు.

నాకదంతా చాదస్తంగా తోచేది. ఓ ఏడు అక్టోబర్ కత్తిరింపు అయ్యాక, ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని కూతురింటికి వెళ్తూ నీళ్ళు పోసే పని నాకప్పగించారు. నేను ఊరుకోవచ్చుగా. కత్తిరించి పడేసిన పుల్లల్లోంచి ఒకటి తీసి, గోడ వెంటే, పాత తీగకు రెండంగల అవతల గుచ్చాను. ఒక తీగే ఇన్ని కాస్తే రెండు రెట్టింపు కాస్తాయని నా తెలివి. ఆయన తిరిగొచ్చేసరికి అది నాలుగు ఆకులేసింది.

"ఎవరు వెట్టిండ్రు గిది?"

"నేనే బాబాయ్ గారూ. జాగా ఖాళీగా ఉంది కదా అని."

తిడతారనుకున్నాను. "నేను సుత తోటల గిట్లనే దగ్గర దగ్గర వెట్టిన. రెండేండ్లు మస్తు కాసింది. ఎన్కకు చీకటి వడ్డది" అన్నారు. వంగి పుల్లను కొంచెం లాగి చూసి, "చెప్తె అప్పుడు నేను ఇన్ననా, ఇప్పుడు నువ్వు ఇంటవా? ఉండనియ్, వేరు వట్టింది."

అన్నట్టే మొదటి కాపు విరగకాసింది. వీధంతా పంచి మురిసిపోయాను. తర్వాతి ఏడు ఆకు మీద ఆకు పడి పందిరి కింద చీకటైంది. గాలాడక బూడిద తెగులు పట్టింది. గుత్తులకేం, బోలెడు వేలాడాయి. పండు మాత్రం శనగగింజంత, నోట్లో వేసుకుంటే పులుపు. ఆయన పరిచిన తువ్వాలు మీద చుక్క ఎండ పడలేదు. పోయిన తోటలోంచి ఆయనకు మిగిలిన ఆ కాస్త తీపీ నా వల్లే పోయింది.

ఆ అక్టోబర్‌లో రంపం తెచ్చారు. నా తీగ తీసేస్తారని పక్కకు జరిగాను. ఆయన పాత తీగ మొదట్లో రంపం పెట్టారు.

"అది కాదు బాబాయ్ గారూ, నాది తీసేయండి" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ఒక్కటే ఉండాలె బిడ్డా. ఇది మస్తు కాసింది. అది దీని పిల్లనే గద."

కోసేశాక ఆ మొద్దు మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. తప్పయిందని నేను అనాల్సింది అప్పుడే. అనలేకపోయాను. తర్వాత చెప్పొచ్చులే, రోజులు బోలెడున్నాయి అనుకున్నాను.

రెండేళ్ళకు తీపి తిరిగొచ్చింది. నాకు పంజాగుట్టలో ఉద్యోగం దొరికి, పెళ్ళయి, ఆ గది ఖాళీ చేసి మాదాపూర్ వైపు వెళ్ళిపోయినా, ఏటా తొలి గుత్తి కోసేముందు కబురొచ్చేది. "నీ చెట్టు కాసింది, రా" అనేవారు. నా చెట్టట.

పోయిన ఏడు వెళ్ళినప్పుడు కర్ర ఊతంగా తీగ నుంచి ప్రహరీ దాకా నడిచారు. అలవాటుగా నేనూ లెక్కపెట్టాను. తొమ్మిది అంగలు పట్టాయి. గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, "జాగ పెరిగినట్టున్నది బిడ్డా. మధ్యల ఇంకోటి వెట్టుకో" అన్నారు. అలాగేనన్నాను. పెట్టలేదు.

గురువారం నేను వెళ్ళేసరికి ఆయన్ను ఆ ఖాళీ నేలలోనే, పందిరి కింద పడుకోబెట్టారు. గుత్తులింకా పచ్చిగానే ఉన్నాయి. కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పయింది బాబాయ్ గారూ" అన్నాను. నా పక్కనున్న వాళ్ళకు కూడా వినపడి ఉండదు. ఆయన మీద కప్పిన తెల్లగుడ్డ మీద, రూపాయి బిళ్ళలంత ఎండ అక్కడక్కడా పడుతోంది.