చెంగమ్మ చేతికి చేసిన పిడి

1998 చివర. చిత్తూరులో కలెక్టరాఫీసుకు కాస్త దూరంలో మా తుపాకుల అంగడి ఉండేది. లైసెన్సుతో మా నాయన పెట్టింది. అమ్మకాల కంటే రిపేరు పనే ఎక్కువ. స్ప్రింగు మార్చడం, తుప్పు వదిలించడం, పగిలిన పిడికి కొత్త చెక్క బిగించడం. అంగడి ముందు ఒక బెంచీ ఉండేది. పక్క టీ అంగడిలో చోటు దొరక్క జనం నిలబడి తాగేవాళ్లు గానీ, మా బెంచీ మీదికి ఒక్కరూ వచ్చేవాళ్లు కాదు. నాకు పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో మా మేనత్త నా వృత్తిని ఇనప సామాన్ల వ్యాపారమని చెప్పేది. అవతలివాళ్లు వాకబు చేసేవాళ్లు. ఆ తర్వాత ఉత్తరం ముక్క కూడా వచ్చేది కాదు. అట్లా నలభై ఆరేళ్లు వచ్చేశాయి.

ఆ రోజు మధ్యాహ్నం యాభై దాటిన ఒక ఆడమనిషి గుడ్డ సంచితో మెట్లెక్కి, ఎవరూ చెప్పకుండానే బెంచీ మీద కూర్చుంది. పేరు చెంగమ్మ. కార్వేటినగరం పక్కన మామిడితోటలో ఉంటుంది. ఊరికి రెండు మైళ్లు. భర్త గుండెపోటుతో పోయి ఏడాదైంది. ఆయన రివాల్వరు లైసెన్సు ఆమె పేరు మీదికి మారింది.

"నా సేతికి ఇది పట్టడం లేదన్నా," అంటూ సంచిలోంచి రివాల్వరు తీసింది.

మా పనిలో మొదటి నియమం, ఎవరు ఏమి చెప్పినా ముందు తూటాలుండే సిలిండరు తెరిచి ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం. ఖాళీగానే ఉంది. పాయింట్ త్రీ టూ తూటాలది, పొట్టి గొట్టం. పిడికి ఇరువైపులా బిగించే పలకల్ని మేము గ్రిప్స్ అంటాం. దానికున్నవి మగవాడి చేతికి చేసినవి. ఆమె పట్టుకుంటే చూపుడువేలు ట్రిగర్‌కు సగమే అందుతోంది.

రబ్బరు గ్రిప్ బిగించి చూపించాను. చేతికి మెత్తగా ఉంటుంది. పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను, అదే రీకాయిల్‌ను, అది కొంత మింగుతుంది. దాని జబ్బల్లా ఒకటే. గుడ్డను పట్టుకుని వదలదు. ఆమె దాన్ని రొండిన, అంటే నడుము దగ్గర, చీరలో దోపుకుని రెండడుగులు వేసేసరికి కుచ్చిళ్లు పైకి వచ్చేశాయి.

"ఇది దాసిపెట్టినట్టు లేదు, సాటింపు ఏసినట్టుండాది," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ అంగడిలో ఎవరైనా నవ్వి ఎన్నాళ్లయిందో.

"ఎవరికి కనపడకూడదమ్మా? దొంగలకా?" అని అడిగాను. మగవాళ్లయితే వెంటనే శత్రువుల జాబితా చదువుతారు. ఆమె ముందు కుచ్చిళ్లు సర్దుకుంది.

"దొంగలకు కనపడితేనే మేలు గదన్నా. మా కూలి ఆడోళ్లకు కనపడగూడదు. ముందంతా సందేళ పనైనాక నా తావ కూసోని వక్కాకేసుకోని పోతా ఉండిరి. ఇది నా రొండిన సూసినప్పటి నుంచి ఒగరూ కూసోరు. బిడ్డల్ని గూడా లాక్కోని పోతారు."

"అయితే తీసేయకూడదా?"

"తీసేస్తే మా మరుదులు ఊరుకుంటారా? ఒంటి ఆడది తోటలో ఎట్లుంటాది, అమ్మేసి ఊర్లోకి రా అని రోజూ పోరు. ఇది ఉండాదని సెప్పే ఇన్నాళ్లూ వాళ్ల నోరు మూయిస్తా ఉండాను. ఆయన నాటిన సెట్లన్నా అవి. యాడికి పోయేది?"

అది ఉంటే పలకరించే మనిషి లేదు, లేకపోతే తోట లేదు. ఆమె అడిగేది పిడి ఒక్కటే కాదని నాకు అర్థమైంది. కానీ నా చేతిలో ఉన్న విద్య పిడి చేయడమే.

గ్రిప్ పలకలు ఊడదీసి, ఆ ఇనుము చుట్టూ మైనం మెత్తి, పట్టుకోమన్నాను. ఆమె వేళ్లు దిగిన గుంతలే నాకు కొలత. చింతమాను లోపలి గట్టి చెక్క, చేవ, తీసుకున్నాను. బొటనవేలి వైపు చెక్క పలుచన చేశాను. గుడ్డలోంచి ముందుగా బయటపడేది పిడి అడుగు మూల కాబట్టి దాన్ని గుండ్రంగా అరగదీశాను. గుడ్డ జారిపోయేలా నున్నగా మెరుగు పెట్టాను. మా వైపు ఆడవాళ్లు రొండిన దోపుకునే వక్కాకు సంచి ఉంటుంది కదా, దాని లోపల తోలు అతికి ఒర చేశాను. బయటికి చూస్తే ఆకూ వక్కా పెట్టుకున్న సంచే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆమె రెండోసారి వచ్చినప్పుడే ఆ గ్రిప్ కుదిరిపోయింది. నేను దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఇంకా కొంచెం అరగదీయాలమ్మా, వచ్చే బుధవారం రండి," అన్నాను. ఆ బుధవారం కూడా అదే మాట. వచ్చినప్పుడల్లా ఆమె ఒక గంట బెంచీ మీద కూర్చుని చెట్ల గురించి, పూత గురించి, భర్త కోపాల గురించి చెప్పేది. నేను ఉత్త చెక్క మీద ఉప్పుకాగితం రుద్దుతూ వినేవాణ్ణి. ముప్పై ఏళ్ల వృత్తిలో ఒక మనిషిని నేను అన్యాయంగా తిప్పించుకున్నది అప్పుడే. సిగ్గుగానే ఉండేది. అయినా మంగళవారం సాయంత్రం బెంచీ తుడిచి పెట్టేవాణ్ణి.

ఐదోసారి ఇక సాకు దొరకక ఇచ్చేశాను. రెండు నెలల తర్వాత లైసెన్సు పనిమీద వచ్చి చెప్పింది.

"బాగా కుదిరిందన్నా. ఎవురికీ కనపడదు."

"మరి వస్తున్నారా వాళ్లు?"

"రాలా. కనపడకపోతే ఏమి, ఉండాదని ఎరుకే గదా!"

నా మేనత్త ఇనప సామాన్ల కథ అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆ కథకు బలైనవాణ్ణి నేనే అయి ఉండి, దాచినంత మాత్రాన పోదన్న మాట ముందుగా తోచనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

1999లో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు ఉన్నవాళ్లందరూ ఆయుధాలను స్టేషన్లోనో, మాలాంటి డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. దాన్ని సేఫ్ కస్టడీ అంటారు. ఊరి తలారి ఆమె తోటకొచ్చి, కూలీలందరూ వింటుండగా ఆ కబురు చెప్పిపోయాడట. చెంగమ్మ తెచ్చి ఇచ్చింది, నేను రసీదు రాశాను.

ఫలితాలు రాగానే అందరూ వరసకట్టి తీసుకుపోయారు. ఆమె రాలేదు. నెల గడిచింది. ఒంట్లో బాగాలేదేమో, మరుదులు ఏమైనా చేశారేమో అని భయపడ్డాను. ఆ తర్వాత ఒక బుధవారం వట్టి చేతులతో వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"దాన్ని అమ్మేయన్నా. నాకు వద్దు."

"ఏమైందమ్మా?"

"తలారి సెప్పిపోయినాడు గదా. దాన్ని ఈడ ఇచ్చేసినానని తెలిసినాక మూడో రోజే మునెమ్మ వచ్చి నా పక్కన కూసునింది. ఆ మర్నాడు నలుగురు. ఇప్పుడు మునెమ్మా, కూతురూ తోటలోనే కొట్టం ఏసుకున్నారు. ఒంటి ఆడది అని ఇంగ మా మరుదులు ఎట్లంటారు?"

సంతోషమే అనిపించింది. దాని వెంటనే, ఇక ఈమె మా మెట్లెక్కే పని లేదని కూడా తోచింది. కాగితాలు రాయించుకున్నాను. లేచి వెళ్లబోతూ ఆగింది.

"అన్నా, నువ్వు మూడోసారి రమ్మన్నప్పుడే పని అయిపోయిందని నాకు తెలుసు."

నేను కాగితాలు మళ్లీ మడత పెట్టాను.

"మరి ఎందుకొచ్చినారు?"

"నాకు మాత్రం కూసునే తావు యాడుండె?" అంది. "మామిడి దినాల్లో ఊరకే తోటకి రా. పని ఉంటేనే రావాలని ఏముండాది?"

రివాల్వరు వేరే ఆయన కొనుక్కున్నాడు. పెద్ద చెయ్యి. పాత పలకలే మళ్లీ బిగించి ఇచ్చాను. చింత చేవ గ్రిప్ నా సొరుగులో ఉండిపోయింది. ఎవరి చేతికీ పట్టదు, నా చేతికి కూడా.

ఒక మనిషి చేతిని ఎంత బాగా కొలిచినా, ఆ మనిషికి ఏమి తక్కువైందో ఆ కొలతలో పడదని ఈ పని నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరు గ్రిప్ కోసం వచ్చినా ముందు కూర్చోమంటాను.

తోటకు మాత్రం పోలేదు. ఒక ఏడాది మామిడి దినాల్లో కార్వేటినగరం దాకా బస్సులో పోయి, అక్కడ దిగి, తిరుగు బస్సెక్కాను. తుపాకుల అంగడాయన వచ్చాడని తెలిస్తే ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లు మళ్లీ లేచి పోతారేమోనని.