పటంలో ముత్తాత

చిన్నప్పుడు మేము వంగి కూర్చుంటే మా ఇంట్లో పెద్దవాళ్ళు తిట్టేవారు కాదు. "పటం చూడు" అనేవారు, అంతే. హాల్లో గోడకు ఒక ఇంగ్లీషు బొమ్మ వేలాడేది. ఆఫ్రికాలో ఏదో కొండ దారి. ఎర్ర కోట్ల సిపాయిలు, గుర్రాలు, వెనక వాలు మీద పడి ఉన్న మనుషులు. ముందు తలపాగాతో, వెన్ను నిటారుగా ఒక నల్లని మనిషి. ఆయన మా ముత్తాత. దొరల సైన్యంతో సముద్రం దాటి వెళ్ళి పోరాడాడనీ, అందుకే మాకు ఎస్టేటు వచ్చిందనీ నాన్న చెప్పేవారు. బొమ్మ చుట్టూ గోధుమరంగు అట్ట ఉండేది. అది ముత్తాతను నడుము నుంచి కిందికి కప్పేసేది. ఆ అట్ట కింద ఆయన చెయ్యి కత్తి పిడి మీద ఉంటుందని అందరం అనుకునేవాళ్ళం.

ఎస్టేటు పోయింది. ఇల్లు పోయింది. ఆయుధపూజకు పెట్టే కత్తి కూడా పోయాక నాన్న పటానికే పూజ చేయడం మొదలుపెట్టారు. విజయదశమి నాడు అద్దం మీద, సరిగ్గా ముత్తాత నుదురున్న చోట, గంధం బొట్టు. పంపకాల్లో నాకు దక్కింది ఆ పటం ఒక్కటే. ముప్పై ఏళ్ళుగా అది అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో నా అపార్ట్‌మెంట్ గోడ మీద ఉంది. నాతో పాటు ఆ ఇంట్లో ఉండేది అదే. ఏటా దసరాకు నాలుగైదు తెలుగు కుటుంబాలను పిలుస్తాను. మామూలు రోజుల్లో వాళ్ళు నన్ను పిలవరు, పిలవమని నేను అడగను. ఆ ఒక్క పూట మాత్రం పటం ముందు నిలబడి ముత్తాత కథ చెబుతాను. వాళ్ళు వింటారు.

కిందటి చలికాలం మేకు ఊడి పటం కింద పడింది. అద్దం పగిలింది. పటాలు కట్టే దుకాణానికి తీసుకెళ్ళాను. అది నడిపే ముసలాయన అమెరికన్, పాత బొమ్మలు సేకరించే మనిషి. ఇది ఎవరి కోసమో గీయించినది కాదనీ, పాతకాలపు ఇంగ్లీషు వారపత్రికలోని పేజీ అనీ, రంగులు తర్వాత ఎవరో అద్దారనీ, ఆఫ్రికా యుద్ధాల బొమ్మలు కొనేవాళ్ళ దగ్గర ఇలాంటివి చాలానే ఉంటాయనీ చెప్పాడు. నేను బిగుసుకుని విన్నాను. తర్వాత ఆయన అట్ట ఎత్తాడు.

ముత్తాత చేతిలో కత్తి లేదు. రెండు మణికట్లూ కలిపి తాడుతో కట్టేసి ఉన్నాయి. తాడు రెండో కొస పక్కన నడుస్తున్న సిపాయి చేతిలో ఉంది. అడుగున ఒక వరుస అచ్చు ఉంది. పట్టుబడిన అక్కడి నాయకుణ్ణి మన దళం ఓడరేవుకు తీసుకువెళుతోందని దాని అర్థం. ఆయన పేరు వేయలేదు.

అట్ట అంచు మణికట్లకు వెంట్రుకవాసి పైన నడిచింది. ఆ అట్ట కోసినవాళ్ళు తెలిసే కోసి ఉండాలి.

ఇంటికి వచ్చి విశాఖపట్నంలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేశాను. ఆ హాలు గుర్తున్నవాడు ఇప్పుడు ఆయనొక్కడే. అంతా విని కాసేపు దగ్గాడు.

"ఆయన మనాయన కాకపోతే మరి మనాయన ఎవరే అమ్మడూ?"

"తెలీదన్నయ్యా. అసలు ఎవరైనా వెళ్ళారో లేదో కూడా తెలీదు."

"అయితే అట్ట మళ్ళీ అక్కడికే పెట్టించేయ్. డెబ్బై ఏళ్ళొచ్చాక ముత్తాతని మార్చుకుంటామా?"

నవ్వబోయి ఆగిపోయాను.

వారం తర్వాత దుకాణంలో ముసలాయన కొత్త అట్ట ముక్కను బొమ్మ మీద ముందు పాత చోట ఉంచాడు, తర్వాత అచ్చు వరుస కూడా కనబడేలా దాని కిందికి జరిపాడు. ఎక్కడ కావాలని అడిగాడు. పాత చోటే అంటే నా దసరా నాకు మిగులుతుంది. బొమ్మ మీదికి వంగి చూశాను. తాడు లాగుతున్నా ఆ వెన్ను వంగలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూపించి నేర్పింది ఆ వెన్నునే. కిందికే పెట్టమన్నాను.

ఈ దసరాకు కూడా అందరినీ పిలిచాను. పులిహోర ప్లేట్లు పట్టుకుని పటం చుట్టూ చేరారు. ఇక్కడే పుట్టి హైస్కూల్లో చదువుతున్న ఒక అమ్మాయి దగ్గరికి వెళ్ళి చూసింది.

"ఆంటీ, మీ గ్రేట్ గ్రాండ్‌ఫాదర్‌ని వై దే టైడ్ హిమ్?"

"ఆయన మా ముత్తాత కాదు," అన్నాను.

ఆ పిల్ల తల్లి, కిందటేడు ముత్తాత అనే చెప్పారు కదా అనబోయి మధ్యలో మానేసింది. నేను అచ్చు వరుస చదివి వినిపించాను. అట్ట సంగతి కూడా దాచలేదు. ఎవరో పక్క ఊరు నోవైలో కడుతున్న కొత్త ఇళ్ళ మాట ఎత్తారు, అందరూ అటు తిరిగారు. సాయంత్రం కాకముందే డబ్బాల్లో పులిహోర సర్దుకుని వెళ్ళిపోయారు.

గంధం గిన్నెలోనే ఉంది. ఏటా అందరి ముందూ పెట్టే బొట్టు ఈసారి వాళ్ళుండగా పెట్టలేదు. పాత అద్దం మీద ఏళ్ళ తరబడి గంధం మరక ఉండేది. చూడకుండానే వేలు అక్కడికి వెళ్ళేది. కొత్త అద్దం శుభ్రంగా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, బాగా దగ్గరికి వెళ్ళి, ఆయన నుదురు ఎక్కడుందో మొదటిసారి వెతుక్కుని బొట్టు పెట్టాను.