ఖాలా కుండీల ఇమ్తిహాన్

మా పక్కింటి ఖాలా మొన్న శుక్రవారం పొద్దున పోయింది. ఆమె కొడుకు మా గుమ్మంలో నిలబడి, "అమ్మీ పోయిందక్కా" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు. బియ్యం ఏరుతున్న చాట అలాగే చేతిలో ఉండిపోయింది.

చిలకలగూడలో మా గల్లీ వాళ్ళందరికీ ఆమె కుండీలు తెలుసు. వీధివైపు దాలాన్ అనే బండలు పరిచిన వసారా, ముందు చెక్క జాలీ, లోపల వరసగా మట్టి కుండీలు. పైన కప్పు ఉంది కాబట్టి వానాకాలంలో కూడా వాటి మీద చుక్క పడదు. అందుకే ఖాలా ఏ మొక్కనూ ఊరికే రానిచ్చేది కాదు. కొత్త మొక్క వేరు పట్టగానే పది రోజులు నీళ్ళు బంద్. దానికి ఆమె పెట్టిన పేరు ఇమ్తిహాన్, అంటే పరీక్ష. కలబంద, రణపాల, మేం బిళ్ళగన్నేరు అనీ ఆమె సదాబహార్ అనీ పిలిచే మొక్క, ఇవన్నీ హాయిగా పాసయ్యాయి. మల్లె ఫెయిలైంది. ఫెయిలైనదాన్ని పారేసేది కాదు, పెరడున్న మాలాంటి వాళ్ళకిచ్చేది. "భూమిల పెట్టుకో బిడ్డా. కుండీల ఉంటే నాతోని గులాంగిరీ చేయిస్తది" అనేది. పూలు చూసి మొక్కను ఎంచుకునేవాళ్ళంటే ఆమెకు జాలి. తాను మాత్రం కాడ గిల్లి, ఆకు మందం చూసి, అప్పుడు కుండీకి మట్టి కలిపేది. మొక్కల విషయంలో అంత తెలివి నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు.

కొత్త కోడలిగా వచ్చిన ఏడాది అల్వాల్‌లోని మా పుట్టింటి నుంచి గులాబీ అంటు తెచ్చి ఆమెకిచ్చాను. దానికీ ఇమ్తిహాన్ తప్పలేదు. మా రెండు దాలాన్లకూ మధ్య నడుమెత్తు గోడే. ఎవరూ చూడకుండా రోజూ చెంబుతో నీళ్ళు పోశాను. గులాబీ పాసయింది. ఖాలా కళ్ళు కప్పానని నాలో నేనే మురిసిపోయాను.

ఆ వానాకాలమే పోలీస్ యాక్షన్. ఇండియా సైన్యం వస్తోందన్న మాటా, ముసల్మానుల ఇళ్ళ మీద దాడులు జరుగుతాయన్న పుకారూ వినగానే గల్లీలో ఎవరి తలుపులు వాళ్ళు మూసుకున్నారు. ఖాలా ఇంటికి బయట తాళం. నేరేడ్‌మెట్‌లో చుట్టాలింటికి వెళ్ళారనుకున్నాం. నాలుగో రోజుకు కుండీల్లో మట్టి నెర్రెలిచ్చింది. అలవాటైన చెయ్యి కదా, గోడ మీంచి వంగి అన్నిటికీ పోశాను. బండలు తడిసి నీళ్ళు జాలీ దాకా పారాయి. అప్పుడు మూసిన తలుపు వెనక నుంచి ఖాలా గొంతు వినిపించింది.

"నీళ్ళు పొయ్యకు బిడ్డా. తాళమేసిన ఇంట్ల నేల తడిస్తే మనుషులున్నరని తెలుస్తది."

వాళ్ళకేమన్నా అయితే అది నా చెంబు వల్లే. గోడ దాటి, ఆ బండలన్నీ నా కొంగుతోనే తుడిచాను. కొడుకు బయట తాళం వేసి, పెరటి గోడెక్కి లోపలికి దిగాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి మా అత్తగారూ నేనూ పెరటి గోడ మీంచి రొట్టెలు అందించాం. కుండీలకు మాత్రం ఎవరం చుక్క పోయలేదు. కళ్ళముందే మొక్కలు ఎండుతుంటే తలుపు సందులోంచి చూస్తూ ఆమె ఎలా కూర్చుందో తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

రెండు వారాలకు తాళం తీశారు. ఇంట్లో అందరూ క్షేమం. ఆకులు వాడినా మొక్కలన్నీ బతికాయి, నా గులాబీ తప్ప. ఖాలా ఎండిన కాడను విరిచి చూసి, "దీనికి ఇమ్తిహాన్‌ల చిట్టీ అందిచ్చింది నువ్వే గదా" అంది. తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"నీ తల్లిగారింటి చెట్టు. ఫెయిల్ చేస్తే నువ్వు ఏడుస్తవు. ఇమ్తిహాన్ చెట్లకే బిడ్డా, మనుషులకు గాదు."

అది జరిగి ఏడేళ్ళు. మొన్న జనాజా వెళ్ళిపోయాక ఆ దాలాన్‌లో నిలబడ్డాను. ఆమె మంచం పట్టినప్పటి నుంచి కుండీలను ఎవరూ పట్టించుకోలేదట. సదాబహార్ పూస్తూనే ఉంది. ఆ కుండీలకు నీళ్ళ తొందర లేదని తెలుసు. అయినా చెంబు తెచ్చుకున్నాను. కుండీలు నిండి, బండలు తడిసి, నీళ్ళు జాలీ కింద నుంచి గల్లీలోకి పారేదాకా పోశాను. దారిన పోయేవాళ్ళు ఆ తడిని దాటుతూ ఒకసారి ఇంటివైపు చూశారు.