గడియ వేసిన తలుపు

దేవాది దేవునికి స్తోత్రం. మోకాలి ఆపరేషన్ తర్వాత దర్శిలో మా ఇంట్లో ఒంటరిగా ఉన్నాను. వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. ఆమె ఆఖరిసారి రావాల్సిన రోజు, కృతజ్ఞతతో మోకాళ్లూని ప్రార్థించాను. తిరిగి లేవలేకపోయాను. తలుపుకు గడియ వేసి ఉంది. ఇరుగుపొరుగంతా మిరపకోతలకు పోయారు. కేకలేసి కేకలేసి గొంతు పోయింది.

చివరికి ఆ అమ్మాయి వచ్చి కిటికీలోంచి చూసింది. "మోకాళ్ల మీద కూర్చోవద్దని చెప్పానా లేదా ఆంటీ!"

"ప్రభువు ముందు కుర్చీలో కూర్చోమంటావా అమ్మా?"

"ఆయనేం అనుకోడులెండి. ముందు మంచం పట్టుకుని, బాగున్న కాలు మోపి లేవండి."

ఏడుస్తూనే లేచి గడియ తీశాను.

ఇప్పుడు బాగా నడుస్తున్నాను, కాబట్టి ఆమె రావడం లేదు. కుర్చీలోనే ప్రార్థిస్తున్నాను, తలుపు తీసే ఉంచుతున్నాను. ఎవరైనా లోపలికి రావాలని మీరూ నాతో ప్రార్థించండి.