ఇనుము కూడని గది

ఓర్వకల్లు రాళ్లగుట్టల వెనక చిన్న గది ఒకటుంది. దాని తలుపుకు ఇత్తడి తాళం, కిటికీకి చెక్క ఊచలు, బల్లకు చెక్క మేకులు. భూమి అయస్కాంత బలాన్ని రేయింబవళ్లు కొలిచే యంత్రం అందులో ఉంటుంది. దగ్గర్లోకి ఇనుము వస్తే దాని లెక్క తప్పుతుంది. ఆ గదికి కాపలా హనుమన్న. పదమూడేళ్లుగా మనిషి బెల్టు పెట్టింది లేదు, మేకులున్న చెప్పులు తొడిగింది లేదు. పెళ్లిళ్లకు పోయినా మొలకు తాడే! నవ్వేవాళ్లను నవ్వనీ అనేవాడు.

అంత పట్టుదల గల మనిషే పోయినేడు ఒకసారి జేబులో తాళంచెవుల గుత్తితో లోపలికి పోయాడు. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంకోసారి ఇట్లా జరిగితే ఉద్యోగం ఉండదని అందులో రాశారు. పత్తికొండలో టమోటా గంపలు మోసి మోసి నడుం పోగొట్టుకున్న యాభై ఆరేళ్ల మనిషికి ఇంకో పని ఎవడిస్తాడు చెప్పండి?

ఆ రోజు పొద్దున పదిన్నర దాటాక ఫోను మోగింది. కర్నూలు నుంచి యామిని. సూర్యుడి నుంచి వచ్చే తుఫాను భూమిని తాకితే పైన ఆకాశపు పొరల్లో ఎంత అలజడి పుడుతుందో లెక్కగట్టే అమ్మాయి. అలాంటి లెక్కలకు వందల యంత్రాలు కావాలట. ఈ పిల్లకున్నవి రెండే. కడప వైపుదానికి ఎలుకలు తీగ కొరికి వారమైంది. ఇక మిగిలింది హనుమన్న కాచేదే.

"హనుమన్నా, పది పన్నెండుకు నీ యంత్రం అంకె ఒక్కసారిగా ఎగిరింది. ఇంకా దిగలే. తుఫాను తాకినట్టే ఉండాది. పదకొండుకు నేను హెచ్చరిక పంపాల. జీపీఎస్‌తో భూములు కొలిచేవాళ్లు, డ్రోన్లతో మందు కొట్టేవాళ్లు అందరూ పని ఆపుతారు. ఆడికి ఇనుమేమన్నా వచ్చిందా?"

"నేనుండంగా యాడిదమ్మా ఇనుము! లారీ లేదు, ట్రాక్టరు లేదు."

"ఇంకోసారి చూడన్నా. ఇది తప్పయితే రేపు నిజంగా వచ్చినప్పుడు ఎవరూ నమ్మరు."

ఫోను బయట పెట్టి హనుమన్న లోపలికి పోయాడు. ఇందాక చీమలు దులపడానికి వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది గది. బల్ల కింద చూశాడు, మూలలు తడిమాడు. ఏమీ లేదు. ఒళ్లంతా చెమట. అప్పుడు యంత్రం పక్కన కొయ్యకు తగిలించి మరిచిన తువ్వాల లాగి మెడ తుడుచుకున్నాడు. అంచులో ఏదో గట్టిగా గీసుకుంది. కుట్టు విప్పితే విరిగిన కొడవలి మొన, వేలెడంత!

గబగబా బయటికొచ్చి దూరంగా విసిరి, మళ్లీ తొంగి చూశాడు. యంత్రం తెరమీద అంకె దిగిపోయింది. అంకెలు యామినికి చేరేది పావుగంటకోసారి. ఇంకో మూడు నిమిషాల్లో ఆమెకు తెలిసిపోతుంది. ఏం చెప్పాలి? గుట్ట చాటున బోరు బండి కాసేపు ఆగి వెళ్లిందంటే సరి. ఎవడు చూడొచ్చాడు? ఉద్యోగం నిలబడుతుంది.

కానీ యామిని ఒకసారి చెప్పిన మాట అడ్డం పడింది. బండి అంటే బండి, మేక మెడలో గంట అంటే గంట, నువ్వు చెప్పిందాన్ని బట్టే నా కంప్యూటరు లెక్క నేర్చుకుంటాదన్నా, దానికి ఉండేవే రెండు కండ్లు, అందులో ఒకటి అబద్ధమాడితే ఎన్నేండ్లైనా అది దాంట్లోనే ఉండిపోతాది అంది. ఛీ, ఎందుకు విన్నానురా ఆ మాట అని తనను తానే తిట్టుకున్నాడు. ఆమెకు ఫోను చేశాడు.

"యామినమ్మా, హెచ్చరిక పంపొద్దు. తుఫాను కాదది. ఇనుము. నా తువ్వాల్లోనే ఉండాది."

"హనుమన్నా... ఎవరిదని అడుగుతారు. నేను రాయాల్సొస్తాది."

"రాయమ్మా. పది పన్నెండు నుంచి పది నలభై రెండు దాకా, హనుమన్న తువ్వాల అని రాయి."

యామిని హెచ్చరిక పంపలేదు. మూడు గంటలకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. రేపు తాళంచెవి అప్పజెప్పమన్నారు.

తువ్వాల అంచు కుట్టిన పెళ్లాం భీమమ్మను ఇవాళ వదిలేది లేదనుకుంటూ, విసిరిన మొన వెతికి తీసుకుని ఇంటికి నడిచాడు. కొడవలి మొన ఆమె ముందు పడేశాడు. "ఏందే ఇది?"

భీమమ్మ తల దించుకుంది. "సూర్యుని నుంచి తుఫాను వస్తాందని టీవీలో చెప్పినారు. అది మొదట నీ యంత్రానికే తెలుస్తాదని నువ్వే అంటివి. అంటే మొదట తగిలేది నీకే గదా? గాలి సోకకుండా బాలింత పక్కలో ఇనుము పెట్టమా? అట్లనే కుట్టినా. చెప్తే వద్దంటావని చెప్పలా. ఇంత ముక్క దానికేం తెలుస్తాదిలే అనుకుంటి."

దారంతా కూడబెట్టుకొచ్చిన తిట్లలో ఒక్కటి కూడా నోటికి రాలేదు. గడపలో కూలబడ్డాడు.

"ఇంగ ఎంతైనా కుట్టుకో. రేపట్నుంచి నా దగ్గర ఇనుమున్నా ఎవరూ ఏమనరు."

భీమమ్మ మొహం విప్పారింది. "నిజంగానా? అయితే ఇనుముకు బెదరని కొత్త యంత్రం తెప్పిస్తాండారా?"