పేరితకు కాపలా

జకర్యా మాస్టారు కార్ఖానా బస్తీలో మా చర్చికి సంఘపెద్ద. అంతకుముందు నాకు బోటనీ చెప్పిన గురువు. నూటికి ముప్పై నాలుగు వేసి నన్ను కామర్సులోకి తోలిన పుణ్యం ఆయనదే.

చర్చి ఆవరణలో ఆయన పెంచిన పేరిత మొక్క ఒకటుంది. తిరుపతిలో చదివేనాడు ఎవరో ప్రొఫెసరు గింజ ఇచ్చారట. ఇరవై ఏళ్లయినా నడుమెత్తు రాలేదు. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. అలా అన్నవాళ్లకు మాత్రం అరగంట పాఠం తప్పదు. "నాకు జ్వరమొస్తే ఒక గోలీ ఇస్తడు, దానికి ఆకు పండితే సెలవు పెడ్తడు," అనేది ఆయన భార్య డోరమ్మ.

తొంభై ఎనిమిదిలో, మట్టల ఆదివారానికి ముందురోజు చిక్కొచ్చి పడింది. ఏటా అల్వాల్ నుంచి ఈతమట్టలు తెచ్చే కల్లుగీత జంగయ్య కాలు బెణికి రాలేదు. ఆ పండుగ ఊరేగింపులో పిల్లలు మట్టలకు బదులు ఏం పట్టుకోవాలి? అందరి కళ్లూ పేరిత మీద పడ్డాయి. సండే స్కూలు టీచరు ప్రేమమణి కొడవలి కూడా తెచ్చేసింది.

"మట్టలే గద మాస్టారూ, మళ్ల వస్తయి," అంది.

"మట్టలెట్లయితయమ్మా? బైబిలు వాక్యంల ఉన్నది ఖర్జూరం. ఈత దాని చెల్లెలు. పూస్తది, కాస్తది, ఊరూరా ఉంటది. దీనికి పువ్వే లేదు, గింజ బయటనే పెట్టుకుంటది. దీని చుట్టం లెబానోను దేవదారు. శేషాచలం కొండల దిక్కు తప్ప యాడా పుట్టదు, ఆడ సుత అంతరించిపోయేటి జాబితాల పడ్డది. ఉన్నయే పద్దెనిమిది ఆకులు."

"పాఠం మంచిగుంది సార్. రేపు పిల్లల చేతుల్ల పాఠం పెట్టాల్నా?"

గురువుగారు పాఠం ఆపి మొక్కకు అడ్డం నిలబడ్డాడు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో దేవుడికే తెలుసు.

తెల్లారి మొదటి బస్సుకే ఆయన అల్వాల్ వెళ్లాడు. జంగయ్య చూపిన చెట్లకు తనే మట్టలు కోసి, మోపు నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి చర్చిలో మొదటి గంట కొట్టారు. ఈతముళ్లు గుచ్చుకుని చేతుల నుంచి రక్తం కారుతోంది. ఆయన చూపు మాత్రం పేరిత మీదే ఉంది.

దాని పక్కన కుర్చీ వేసుకుని డోరమ్మ కూర్చుంది. ఒళ్లో బైబిలు, బైబిలు మీద ప్రేమమణి కొడవలి.

"కొయ్యనీకి ముగ్గురొచ్చిన్రు. పువ్వు లేదు, గింజ బయట, దేవదారుకు చుట్టం అని చెప్పి పంపిన. ఏమన్న తప్పు చెప్పిన్నా?"

మాస్టారు ఆకులు లెక్కపెట్టాడు. పద్దెనిమిదీ ఉన్నాయి.

"లేదు డోరా. నూటికి నూరు," అన్నాడు.

డోరమ్మ ఆయన చేతిని కొంగుతో తుడిచింది. ముప్పై నాలుగు మార్కుల నాకూ కళ్లు చెమర్చాయి.