ఎర్ర రిబ్బనుకు కొండపూల గింజలు

నా చిన్నప్పుడు నేను ఎవరినీ ఊరికే నమ్మేదాన్ని కాదు. అమ్మ లడ్డూని రెండు ముక్కలు చేసి ఇస్తే, తమ్ముడి ముక్క పక్కన నాది పెట్టి చూసుకున్నాకే నోట్లో వేసుకునేదాన్ని.

చోడవరంలో మా వీధికి కొండ మీద నుంచి ఒకామె చీపుళ్ళు అమ్మడానికి వచ్చేది. ఒక చలికాలం ఆమె కొప్పులో నీలం పూలు చూశాను. మధ్యలో పసుపు చుక్క. కొండ మీది గడ్డిలో పూస్తాయట. నాకూ కావాలని వెంటపడితే ఎండాకాలంలో ఆకు పొట్లంలో గింజలు తెచ్చింది. బదులుగా తన కూతురికని నా కొత్త ఎర్ర రిబ్బను అడిగింది. ఇచ్చేశాను.

పొట్లం విప్పితే లోపల ఉన్నవి గింజల్లా లేవు, మా మామ్మ ముక్కుపొడుంలా ఉన్నాయి. అనుమానం అక్కడే మొదలైంది. మట్టి పైన చల్లి వదిలెయ్యమని, మిగతాది వాన చూసుకుంటుందని ఆమె చెప్పింది. గాలికి కొట్టుకుపోతే మోసం బయటపడదని వేసిన ఎత్తు అనుకున్నాను. అందుకే కుండీలో వేలు లోతున, వేరుశనగ పాతినట్టు పాతాను. పాతడానికి ముందు రాత్రి గూట్లో పెట్టిన పొట్లం పొద్దునకి కాస్త తగ్గినట్టు కూడా అనిపించింది. దానికి తమ్ముణ్ణి అనుమానించాను.

రోజూ నీళ్ళు పోశాను. మొలిచాయో లేదోనని రోజూ తవ్వి చూశాను. పది రోజులకల్లా నా తీర్పు సిద్ధమైపోయింది. ఆమె మళ్ళీ వచ్చినప్పుడు వీధి వీధంతా వింటుండగా, పొడుం ఇచ్చి రిబ్బను కాజేసిన దొంగ అన్నాను.

"వాన పడనీ పాపా" అని మాత్రం అందామె.

అమ్మ ఆరోజు చీపురు కొనలేదు. అమ్మను చూసి పక్కింటివాళ్ళూ కొనలేదు. ఆ తర్వాత ఆమె మా వీధికే రాలేదు. తప్పు చేసింది కాబట్టే ముఖం చాటేసిందని, రుజువు దొరికినట్టు సంబరపడ్డాను.

వానలు పడ్డాయి. నా కుండీలో ఏమీ రాలేదు. నూతి దగ్గర చిల్లుపడిన గోలెంలో మాత్రం సన్నగా పచ్చటి నలుసులు లేచాయి. మామ్మ పిలిచి చూపిస్తే పిచ్చిమొక్కలని తేల్చేశాను. ఆవిడ వాదించలేదు, వాటిని పీకనివ్వనూ లేదు. చలికాలంలో చెరుకు బళ్ళు గోవాడ పంచదార ఫ్యాక్టరీ దారి పట్టే రోజులకు అవి పూశాయి. నీలం రేకులు, మధ్యలో పసుపు చుక్క.

పొట్లంలోంచి చిటికెడు తీసింది తనేనని, ఆమె చెప్పినట్టే పైన చల్లి వదిలేశానని అప్పుడు చెప్పింది మామ్మ.

"గింజ మంచిదేనే గుంటా. నువ్వు దాన్ని లోతుగా పాతేసేవు, మళ్ళీ నమ్మక తవ్వేసేవు. ఎలాగ మొలుస్తాది?"

నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని, ఆమె చీపుళ్ళు అమ్ముకునే సంతకు మామ్మ నన్ను తీసుకెళ్ళింది. ఆ పూలు కోసి చేత్తో పట్టుకున్నాను. ఆమె మమ్మల్ని దూరం నుంచే చూసింది. గొడవకు వస్తున్నామనుకుంది కాబోలు, నేను నోరు తెరిచేలోపే కొంగుముడి విప్పి రిబ్బను తీసి నా చేతికివ్వబోయింది. దాని మడతైనా విప్పినట్టు లేదు.

"తీసుకో పాపా. మా గుంట తలకి కట్టనేదు. దొంగసొమ్మని ఎవులైనా అంటారని."

నాకు ఏడుపొచ్చేసింది. పూలు ఆమె చేతిలో పెట్టి, తప్పు నాదేనని పక్క కొట్లవాళ్ళకు కూడా వినపడేలా చెప్పాను. ఆమె పూలు చూసి నవ్వింది. రిబ్బను మాత్రం ఎంత బతిమాలినా తీసుకోలేదు. మా వీధికి మళ్ళీ రాలేదు కూడా.

ఇప్పుడు తల నెరిసింది. అనుమానం పోయిందంటే అబద్ధమే. పాల ప్యాకెట్టు మీద తేదీ రెండుసార్లు చదువుతాను, బ్యాంకు నుంచంటూ ఫోనొస్తే మాట్లాడకుండా పెట్టేస్తాను. ఏటా తొలకరికి ఆ పూల గింజల్ని మట్టి పైనే చల్లుతాను. తవ్వి చూడాలని ఇప్పటికీ వేళ్ళు దురద పెడతాయి. ఎవరినైనా ఒక మాట అనబోతే, వాన పడనీ అన్న ఆ గొంతు వినిపించి ఆగిపోతాను.

మొన్న బీరువాలో ఆ రిబ్బను చూసి మా మనవరాలు జడకు కట్టమంది. అది నాది కాదని చెప్పి, మళ్ళీ మడత పెట్టాను.